ఎవరూ నొక్కకుండా కణానికి గట్టిదనం ఎలా తెలుస్తుంది? – సమాధానం

తమ్ముడూ, కణం పొరలో తలుపులా ఉండే పీజో1 చానెల్ అనే ప్రోటీన్ ఆ పొర సాగితేనే తెరుచుకుంటుంది కదా, మరి ఎవరూ కదపని జెల్ మీదున్న కణానికి అది మెత్తనో గట్టో ఎలా తెలుస్తుందని అడిగావు. కణం ఊరికే కూర్చోదు, లాగుతుంది. నీ చిక్కంతా అక్కడే.

మీ రాయగడలో నాగావళి ఒడ్డున తడి ఇసుకలో ఒక రాట, గట్టునేలలో ఒక రాట పాతి తాడు కట్టి లాగి చూడు, ఇసుకలోది నీతోపాటే వచ్చేస్తుంది, గట్టునేలలోదానికి మరుక్షణమే తాడు బిగిసిపోతుంది. కణంలో తాడు యాక్టిన్, లాగేది మయోసిన్, బయట పట్టుకునే కొక్కెం ఇంటెగ్రిన్. మధ్యలో టాలిన్ ఉంటుంది, నాకు భలే ఇష్టమైన ప్రోటీన్, ముడుచుకున్న దాని ముక్క ఒకటి సుమారు 5 పికోన్యూటన్ల (అతి చిన్న బలం) లాగుడికి విప్పుకుంటుంది, అప్పుడు విన్‌క్యులిన్ అనే ఇంకో ప్రోటీన్ వచ్చి అతుక్కుని పట్టు బిగిస్తుంది. మెత్తటి జెల్ మీద అంత బలం చేరేలోపే ఇంటెగ్రిన్ పట్టు జారిపోతుంది.

2006లో ఎంగ్లర్, డిషర్ బృందం మూలకణాలను 25–40 కిలోపాస్కల్ గట్టిదనమున్న జెల్ మీద పెంచితే ఎముక దారి పట్టాయి, 1 కిలోపాస్కల్ లోపు మెత్తటి జెల్ మీద నాడీకణాల్లా కొమ్మలేశాయి. నీ సెమినార్‌లో ముందు ఇదే చెప్పు. పీజోని కూడా వదలకు, కణం తన లాగుడుతోనే తన పొరను సాగదీసి దాన్ని తెరవగలదు.