ఐపీ (దివాలా పిటిషన్) పెట్టే ముందు ఏ కోర్టో చూసుకోండి

ప్రశ్న: మాది తెనాలి. బట్టల షాపు దెబ్బతిని, ప్రోనోట్ల మీద తెచ్చిన అప్పులు 18 లక్షలకు చేరాయి. ఒకాయన డిక్రీ తెచ్చుకుని నన్ను అరెస్టు చేయించాలని ఈపీ (డిక్రీ అమలు పిటిషన్) వేశాడు. షాపు మూసేసి ఏడాదిగా ఖమ్మంలో ఉండి పని చేసుకుంటున్నాను. ఐపీ ఎక్కడ వేయాలి? గుంటూరులో తెలిసినాయన తన ఐపీ కాగితాలు ఇచ్చాడు, పేర్లు మార్చి వేసేస్తే సరిపోతుందా? – ఒక పాఠకుడు

జవాబు: పేర్లు మార్చి మాత్రం వేయకండి. 2016లో కొత్త దివాలా చట్టం వచ్చింది కదా అంటారు గానీ, కంపెనీ అప్పులకు హామీ ఉన్నవాళ్లను పక్కన పెడితే మీలాంటి చిన్న వ్యాపారులకు ఇప్పటికీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే. దాని 11వ సెక్షన్ ప్రకారం మీరు మామూలుగా ఉంటున్న చోట, లేదా వ్యాపారమో పనో చేస్తున్న చోట వేయాలి. షాపు మూసేశారు కాబట్టి మీకు ఖమ్మమే. ఆధార్ తెనాలి అడ్రసుతోనే ఉంటే అద్దె అగ్రిమెంటు, జీతం కాగితం లాంటివి దగ్గర పెట్టుకోండి.

పద్ధతులకు సంబంధించిన రూల్స్ చేసే అధికారం హైకోర్టుది, 2019 జనవరి 1 నుంచి ఆంధ్ర, తెలంగాణ రెండు రాష్ట్రాలకూ హైకోర్టులు వేరు. అందుకే ఫారం ఎలా ఉండాలి, ఎన్ని కాపీలు, నోటీసులు పంపే ఖర్చు (బత్తా) ఎంత అన్నది ఖమ్మం కోర్టులోనే, అక్కడ ఐపీలు చూసే లాయరునే అడగండి. లేకపోతే కోర్టు ఆఫీసు వాళ్లు పిటిషన్ వెనక అభ్యంతరాలు రాసి రిటర్న్ చేస్తారు, మీరేమో ఈపీ వాయిదా దగ్గరపడుతోందని టెన్షన్ పడుతూ తిరుగుతారు.

అసలు ఎక్కువ మంది దెబ్బతినేది అప్పుల జాబితా దగ్గర. నా దగ్గరికి వచ్చిన ఒకాయన పెద్దమ్మ కొడుకు ఇచ్చిన చేబదులు రాయలేదు, ఇంటివాడే కదా అనుకున్నాడు, అవతలి లాయరు సరిగ్గా దాన్నే పట్టుకున్నాడు. చిట్టీ బాకీతో సహా ప్రతి పేరూ, ఇప్పుడుంటున్న అడ్రసూ రాయండి, పాత అడ్రసు ఇస్తే కవరు తిరిగొస్తుంది, కేసు మళ్లీ వాయిదా. ఆస్తి కూడా అంతే. రెండేళ్ల లోపు భార్య పేరున ఊరికే రాసిచ్చింది ఏదైనా ఉంటే కోర్టు రద్దు చేయగలదు, దాస్తే జైలు శిక్ష కూడా పడొచ్చు.

ఐపీ వేసినంత మాత్రాన ఈపీ దానంతటదే ఆగదు, ఆ వాయిదాకు తప్పకుండా వెళ్లండి. కట్టే స్తోమత లేనివాణ్ని కేవలం బాకీ ఉన్నాడని జైల్లో పెట్టకూడదని సుప్రీంకోర్టు 1980లోనే చెప్పింది, మీ స్థితి అక్కడ కాగితాలతో చూపించండి. దివాలా ఆర్డర్ వచ్చాక డిశ్చార్జికి, అంటే అప్పుల నుంచి విడుదలకు, దరఖాస్తు చేసుకోమని గడువు ఇస్తారు, అది దాటిపోతే ఆర్డరే రద్దవుతుంది, పడ్డ కష్టమంతా వృథా. ఆ గడువు ఆర్డర్ కాపీలోనే ఉంటుంది, చేతికి రాగానే చూసి గోడ క్యాలెండర్ మీద రాసిపెట్టుకోండి.