‘ఇది నా శరీరము’: అక్షరార్థమా, అలంకారమా?

ప్రశ్న: ఆదికాండములోని ఆరు దినాలను ఇరవై నాలుగు గంటల దినాలుగానే నమ్మే సంఘాలు, చివరి విందులో రొట్టె విరిచి ‘ఇది నా శరీరము’ అన్న క్రీస్తు మాటను మాత్రం అలంకారమంటాయి. ఆ మాటను అక్షరాలా నమ్మే క్యాథలిక్కులు ఆరు దినాల దగ్గర పట్టుపట్టరు. దేనిని ఎలా చదవాలో నిర్ణయించే సూత్రమేదైనా ఉందా?

జవాబు: మీరు పట్టుకున్న తిరకాసు నిజమైనదే. అక్షరార్థ సంఘాలు ఒకవైపు, భావార్థ సంఘాలు మరొకవైపు అన్న విభజన వినడానికి తేలికగానే ఉంటుంది గానీ, ఒక్క వచనాన్ని ముందు పెట్టుకుని చూస్తే నిలవదు.

1529 అక్టోబరులో, చీలిపోతున్న ప్రొటెస్టెంట్లను ఏకం చేయాలని హెస్సె పాలకుడు ఫిలిప్ మార్బుర్గ్ కోటలో జర్మన్ మతసంస్కర్త లూథర్‌నూ స్విస్ మతసంస్కర్త జ్విన్‌గ్లీనీ చర్చకు కూర్చోబెట్టాడు. లూథర్ సుద్దముక్కతో బల్ల మీద ఆ వాక్యాన్ని లాటిన్‌లో రాసుకుని, అందులోని ‘ఎస్ట్’ (‘అయి ఉన్నది’) అనే క్రియను కదలనివ్వనని భీష్మించాడు. (తెలుగు వాక్యంలో ఆ క్రియే ఉండదు కనుక తగాదా ఎక్కడుందో మనకు వెంటనే తట్టదు.) ఆ క్రియకు ‘సూచిస్తుంది’ అని అర్థమనీ, క్రీస్తు తనను ద్రాక్షావల్లి అని చెప్పుకొన్నంత మాత్రాన తీగ అయిపోలేదు కదా అనీ జ్విన్‌గ్లీ వాదం. గంగలో పల్లె ఉందంటే గంగ ఒడ్డున ఉందని గ్రహించమనే మన ఆలంకారికులు దీనిని లక్షణ అనేవారు. 15 అంశాలలో 14 కుదిరినా, రొట్టెలో శరీరం నిజంగా ఉన్నదా అన్న ఈ ఒక్కచోట ఇద్దరూ విడిపోయారు.

రొట్టె రూపం అలాగే ఉండి, సారం మాత్రం క్రీస్తు శరీరంగా మారిపోతుందని క్యాథలిక్ సంఘం 1551లో ట్రెంట్ నగరంలో కూడిన తన మతసభలో మళ్లీ ఖరారు చేసింది. ఆర్థొడాక్స్ సంఘాలు మార్పును నమ్ముతూనే, అది ఎలా జరుగుతుందన్నది మర్మమని వదిలేస్తాయి. ఆ మాటను అలంకారమనే బాప్టిస్టులు తాము వచనాన్ని పలుచన చేస్తున్నామని ఒప్పుకోరు. తనను జ్ఞాపకము చేసికొనుటకే దీనిని చేయమన్న మాటనే తాము అక్షరాలా పాటిస్తున్నామంటారు.

ఇక ఆరు దినాల సంగతి. సూర్యుడు నాలుగో దినాన గానీ కలగనప్పుడు మొదటి మూడు దినాలకు ఉదయాస్తమయాలు ఎక్కడివని మూడో శతాబ్దంలోనే క్రైస్తవ వేదాంతి ఆరిజెన్ అడిగాడు. సృష్టి అంతా ఒక్కసారే జరిగిందని ఆ తరువాతి వేదాంతి అగస్టీన్ తలచాడు. కాబట్టి దినాలను భావార్థంగా చదవడం డార్విన్‌కు జడిసి చేసుకున్న రాజీ అనడం చరిత్రకు నిలవదు. రచన ఏ ప్రక్రియకు చెందినదో గుర్తించి చదవాలని 1943లో పోప్ పన్నెండవ పయస్ క్యాథలిక్ పండితులకు చెప్పాడు. సెవెంత్‌డే అడ్వెంటిస్టులకు మాత్రం ఈ వెసులుబాటు లేదు: ఏడో దినపు విశ్రాంతి వారి ఆరాధనకు ఆధారం కనుక, ముందరి ఆరు దినాలు సడలితే విశ్రాంతి దినమూ సడలుతుంది.

మీరడిగిన సూత్రం నాకు కనబడినంతవరకు ఇక్కడే ఉంది. ఆ వచనం మీద ఏ సిద్ధాంతం, ఏ ఆచారం నిలబడి ఉందన్నది మొదట చూడాలి. అర్థం చెప్పే అధికారం సభదా, సంప్రదాయానిదా, చదివేవాడిదా అన్నది తరువాత చూడాలి. వ్యాకరణం వీటి వెనకే నడుస్తుంది. బైబిలులో దోషమే లేదని 1978లో షికాగోలో ప్రకటించిన ఇవాంజెలికల్ పండితులు సైతం అతిశయోక్తులు, ఉజ్జాయింపు సంఖ్యలు దోషాలు కావని అదే ప్రకటనలో రాసుకున్నారు.

ప్రశ్న: కుడికన్ను అభ్యంతరపరిస్తే దానిని పెరికివేయమన్న మాటను ఎవరైనా అక్షరాలా పాటిస్తారా?

జవాబు: ఏ సంఘమూ అలా బోధించదు, అది అతిశయోక్తి అన్నచోట అందరూ ఏకమవుతారు. అయితే మత్తయి 5వ అధ్యాయంలో ఆ మాట 29వ వచనమైతే, ఒట్టు పెట్టుకొనవద్దన్న మాట 34వ వచనం. ఈ రెండో దానిని క్వేకర్లు, మెన్నొనైట్లు అనే క్రైస్తవ శాఖలవారు అక్షరాలా తీసుకున్నారు. న్యాయస్థానంలోనైనా ప్రమాణం చేయబోమన్నందుకు ఇంగ్లండులో క్వేకర్లు చెరసాలల పాలయ్యారు. చాలా వ్యవహారాలలో ప్రమాణానికి బదులు వారి ధ్రువీకరణ చాలునని 1696లో అక్కడి పార్లమెంటు చట్టం చేయవలసి వచ్చింది.