కీమోథెరపీకీ జుట్టు రాలడానికీ సంబంధం ఏమిటి?

విశాఖపట్నంలో కేన్సర్ చికిత్స పొందుతున్న తమ పిన్నిగారికి కణితి ఒకచోట ఉంటే జుట్టు ఎందుకు రాలుతోందని ఒకరు అడిగారు. కారణం కణవిభజనలోనే ఉంది.

విభజనకు సిద్ధమయ్యే కణం ముందుగా ప్రోటీన్లను కూడబెట్టుకొని పరిమాణంలో పెరుగుతుంది. తరువాత తన 46 క్రోమోజోములలోని డీఎన్ఏకు నకలు తయారుచేసుకొని, అందులో దొర్లిన తప్పులను సరిచూసుకొని, ఆ పైననే రెండుగా చీలుతుంది. వేగంగా విభజించే మానవ కణానికి ఇదంతా సుమారు 24 గంటల పని కాగా, చీలడానికి పట్టేది దాదాపు ఒక గంట మాత్రమే.

చాలా కీమో మందులు ఈ క్రమంలో ఏదో ఒక దశను అడ్డుకుంటాయి. భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావు బృందం కృషి నుంచి వచ్చిన మెథోట్రెక్సేట్ డీఎన్ఏ నకలును ఆపితే, పాక్లిటాక్సెల్ క్రోమోజోములు రెండు వైపులకూ విడిపోకుండా చేస్తుంది. అయితే ఏది కేన్సర్ కణమో, ఏది వెంట్రుక కుదురులోని కణమో ఈ మందులకు తెలియదు; వేగంగా విభజించే ప్రతి కణమూ దెబ్బతింటుంది. నోటి పూత, విరేచనాలు కూడా అందుకే. నా దృష్టిలో జుట్టు కన్నా ఎక్కువ పట్టించుకోవలసినది ఎముక మజ్జను: అక్కడ తెల్లకణాల ఉత్పత్తి తగ్గితే రోగనిరోధక శక్తి పడిపోతుంది కనుక, ఆ రోజుల్లో బీచ్ రోడ్డు మురీ మిక్చర్ జోలికి పోకపోవడమే మంచిది.

కుదుళ్లలోని మూలకణాలు సాధారణంగా బతికే ఉంటాయి కాబట్టి, చికిత్స ముగిశాక చాలామందికి జుట్టు తిరిగి మొలుస్తుంది.