ఆయాసం తగ్గింది కదా అని దూరం పెంచితే కాళ్ళు ఎందుకు నొప్పెడతాయి?

"పరిగెత్తడం మొదలెట్టి నెల కాలేదు, ఇప్పుడు ఆయాసం రావట్లేదు, ఇంకా పరిగెత్తగలను అనిపిస్తోంది, కానీ మోకాలి కింద ఎముక లోపలి అంచు వెంట నొప్పి, ఓర్చుకోవాలా ఆపేయాలా" అని అడిగారు కదా, చదువుతుంటే నా కథే చదువుతున్నట్టు ఉంది.

నేను 37 ఏళ్ళప్పుడు మొదలుపెట్టాను. అంతకుముందు పదేళ్ళు కుర్చీకి అతుక్కుపోయిన ఉద్యోగం. మొదటిరోజు రెండు నిమిషాలకే రొప్పుతూ ఆగిపోయా. మూడో వారానికి 20 నిమిషాలు ఆగకుండా పరిగెత్తేసరికి నా అంత మొనగాడు లేడనిపించి, నాలుగో వారం నుంచి రోజూ 5 కిలోమీటర్లు కొట్టడం మొదలెట్టా. ఐదో వారం మెట్లు దిగాలంటే కమ్మీ పట్టుకుని ఒక్కో కాలూ పక్కకి తిప్పి దిగాల్సొచ్చింది.

అప్పుడు ఫిజియో దగ్గరకెళితే షూస్ గురించి అడుగుతారేమో అనుకున్నా, ఆవిడ అడిగింది ఒక్కటే, "ఎన్ని వారాల్లో ఎంత పెంచావు?" అని. తర్వాత చెప్పిన విషయం ఎవరైనా మొదటిరోజే చెప్పుంటే బాగుండేది. మన ఒంట్లో అన్నీ ఒకే స్పీడుతో అలవాటుపడవట. ఎక్సర్‌సైజ్ మొదలెట్టిన ఒకటి రెండు వారాల్లోనే రక్తంలో ప్లాస్మా (నీళ్ళలాంటి భాగం) పెరుగుతుంది, గుండె ఒక్కో దెబ్బకి ఎక్కువ రక్తం పంపుతుంది, అందుకే ఆయాసం అంత త్వరగా తగ్గుతుంది. మొదటి వారాల్లో బలం పెరిగినట్టు ఉండేది కూడా కండ పెరిగి కాదు, ఉన్న కండని మెదడూ నరాలూ సరిగ్గా వాడుకోవడం నేర్చుకోవడం వల్లే ఎక్కువ. కండని ఎముకకి కట్టి ఉంచే టెండన్లకి మాత్రం రక్తం సరఫరా తక్కువ, వాటికి నెలలు పడుతుంది.

ఎముక సంగతి ఇంకా విచిత్రం. కొత్త బరువు పడితే ముందు పాత ఎముకని కొంచెం కరిగించి, తర్వాత ఆ గుంటని కొత్త ఎముకతో నింపుతుంది, ఈ మొత్తం తంతుకి మూడు నాలుగు నెలలు. అంటే మధ్యలో కొన్నాళ్ళు అక్కడ ఎముక మామూలుకంటే కాస్త బలహీనంగా ఉంటుంది, సరిగ్గా అదే టైంలో మనకి దమ్ము పెరిగి ఉత్సాహం పొంగుతూ ఉంటుంది! పరిగెత్తేటప్పుడు ఒక్కో అడుగుకీ ఒంటి బరువుకి రెండు మూడు రెట్లు కాలి మీద పడుతుంది, ఇక చూస్కోండి.

కాబట్టి ఓర్చుకోవద్దు, అలాగని పూర్తిగా మంచం కూడా ఎక్కొద్దు. నేను చేసింది ఏంటంటే మూడు వారాలు పరుగు మానేసి సైకిలూ ఈతా, నొప్పి లేనంతవరకు నడక. దాంతోపాటు పిక్కల బలానికి కాఫ్ రైజెస్ (మడమలు పైకెత్తి దించడం), మోకాలు నిటారుగా ఉంచి కొన్ని, వంచి కొన్ని, ఎందుకంటే వంచినప్పుడు లోపలుండే సోలియస్ కండకి ఎక్కువ పని పడుతుంది, పరుగులో ఎక్కువ భారం మోసేది అదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దవాళ్ళకి చెప్పిన లెక్కలో వారానికి 150 నుంచి 300 నిమిషాల మోస్తరు శ్రమ అన్న ముక్క అందరికీ గుర్తుంటుంది, దాని పక్కనే కనీసం రెండు రోజులు కండరాల ఎక్సర్‌సైజ్ అని కూడా ఉంది, అది ఎవరూ పట్టించుకోరు, నేనూ పట్టించుకోలేదు.

మళ్ళీ మొదలెట్టినప్పుడు ఆపిన చోట నుంచి కాదు, ఒక నిమిషం పరుగు రెండు నిమిషాలు నడక, రోజు విడిచి రోజు. పక్కవాళ్ళతో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగేంత నెమ్మదిగా. సిగ్గుగా ఉంటుంది, నన్ను దాటి నడిచి వెళ్ళినవాళ్ళు కూడా ఉన్నారు. వారానికి పది శాతమే పెంచాలి అని చాలామంది చెప్తారు, అది శిలాశాసనమేం కాదు, గుండ్రటి అంకెలంటే మనకి మోజు అంతే (రోజుకి పదివేల అడుగులు కూడా 1965లో జపాన్‌లో అమ్మిన ఒక అడుగుల మీటర్ పేరు నుంచి పాకిందే). నేను చూసుకున్నది మర్నాడు పొద్దున మంచం దిగగానే కాలు ఎలా ఉంది అని, నొప్పి ఉంటే ఆ వారం పెంచలేదు.

ఒక్క జాగ్రత్త. కండ మొత్తం పట్టేసినట్టు ఉండి రెండు మూడు రోజుల్లో పోతే అది మామూలే. ఎముక అంచు వెంట బెత్తెడు పొడవునా నొప్పి ఉంటే ఎక్కువగా షిన్ స్ప్లింట్స్ అంటారు, నాది అదే. కానీ వేలితో నొక్కితే ఒకే చోట చురుక్కుమన్నా, రాత్రి పడుకున్నా నొప్పి వస్తున్నా అది ఎముకలో సన్న చీలిక కావొచ్చు, పరుగు ఆపేసి ఆర్థో డాక్టర్ దగ్గరకి వెళ్ళండి, మొదట్లో ఎక్స్‌రేలో అది కనపడకపోవచ్చు కాబట్టి ఎక్స్‌రే బాగుందని చెప్పి మర్నాడే గ్రౌండ్‌కి పోవద్దు, ఎమ్మారై అవసరమా అని అడగండి.