అద్దె డబ్బు గుంటూరులో కట్టి, తాళాలు న్యూయార్క్‌లో తీసుకోవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి డాలస్ దగ్గర ఎంఎస్ చదువుతోంది. జూన్ నుంచి 12 వారాల ఇంటర్న్‌షిప్ న్యూయార్క్‌లో వచ్చింది. గంటకు 30 డాలర్లు ఇస్తారు. ఆఫీసు మాన్‌హాటన్ మధ్యలో ఉండే మిడ్‌టౌన్‌లో. అక్కడికి నడిచి వెళ్లే దూరంలోనే స్టూడియో ఫ్లాట్ ఉందని, నెలకు 1,400 డాలర్లకు సబ్‌లెట్ (తను అద్దెకున్న ఇంటిని తిరిగి అద్దెకు) ఇస్తానని నెల్లూరు అబ్బాయి ఒకతను తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. మొదటి నెల, చివరి నెల అద్దెలు, డిపాజిట్ కలిపి 4,200 డాలర్లు ముందే కావాలట. డాలర్లలో పంపితే ఛార్జీలు దండగ, ఇక్కడ తన తమ్ముడి ఖాతాలో రూపాయలు వేసేయమంటున్నాడు. తాళాలు కొరియర్ చేస్తాడట. ఇంకో ముగ్గురు అడుగుతున్నారట, శుక్రవారంలోగా తేల్చమంటున్నాడు. నా 4 లక్షల ఎఫ్‌డీ తీసేసి కట్టేయమంటారా? – ఒక తండ్రి, గుంటూరు

జవాబు: నమస్కారమండీ. కట్టకండి. శుక్రవారం గడువు దాటిపోతే పోనివ్వండి. అతను మోసగాడని నేను అనడం లేదు. నిజంగానే ఫ్లాట్ ఉన్నవాడు, మంచివాడు అయ్యుండొచ్చు. కానీ అతను చెప్పిన పద్ధతిలో డబ్బు ఇస్తే, మనిషి ఎంత మంచివాడైనా, రేపు తేడా వస్తే మీ చేతిలో కాగితం ముక్క కూడా ఉండదు.

అన్నిటికంటే నన్ను భయపెట్టింది ఆ తమ్ముడి ఖాతా సంగతి. ఇక్కడ రూపాయలు వేయడం, అక్కడ డాలర్లలో సర్దుకోవడం మనవాళ్లలో చాలామంది మామూలు సాయంలా చూస్తారు. విదేశంలో ఉన్నవాళ్ల తరఫున ఇక్కడ ఇంకొకరికి రూపాయలు కట్టడాన్ని విదేశీ మారకం మీద ఉన్న ఫెమా చట్టం ఒప్పుకోదు. చట్టం సంగతి అలా ఉంచినా, మీ బ్యాంకు స్టేట్‌మెంటులో కనిపించేది నెల్లూరులో ఎవరికో పడిన మూడున్నర, నాలుగు లక్షలు. అది న్యూయార్క్‌లో ఫలానా ఇంటికి కట్టిన డిపాజిట్ అని ఎలా చూపిస్తారు? మీ అమ్మాయి కట్టినట్టు అమెరికాలో ఎక్కడా రికార్డు ఉండదు. ఆ డబ్బు తీసుకున్న మనిషికి, ఆ ఇంటికి సంబంధమే కనిపించదు. రెండు మూడు వేలు ఛార్జీలు మిగులుతాయని మొత్తం సొమ్మును అలా గాలిలో పెట్టకూడదు.

రెండో విషయం, అడిగిన మొత్తం. 2019లో న్యూయార్క్ రాష్ట్రం అద్దె చట్టాన్ని మార్చింది. అప్పటి నుంచి డిపాజిట్ అన్నా, అడ్వాన్స్ అన్నా, పేరు ఏది పెట్టినా ఒక నెల అద్దెకు మించి తీసుకోకూడదు. మొదటి నెల అద్దె వేరు, అది ఇవ్వాల్సిందే. దాని మీద ఇంకో నెల డిపాజిట్. అంతే, 2,800 డాలర్లు. ‘చివరి నెల’ పేరుతో అడుగుతున్న 1,400 అడగకూడని డబ్బు. ఇల్లు ఖాళీ చేశాక 14 రోజుల్లో డిపాజిట్ వెనక్కి ఇవ్వాలి. ఏమైనా పట్టుకుంటే దేనికి ఎంత పట్టుకున్నారో రాసి ఇవ్వాలి. దరఖాస్తు పేరుతో, బ్యాక్‌గ్రౌండ్ చెక్ పేరుతో 20 డాలర్లకు మించి అడిగినా ఒప్పుకోవద్దు.

మూడోది ధర. మాన్‌హాటన్ నడిబొడ్డున స్టూడియో అంటే ఈ రోజుల్లో 3,000 డాలర్ల పైమాటే. అందులో సగం కంటే తక్కువకు ఎవరైనా ఇస్తానంటే కారణం అడగాలి. అద్దె నియంత్రణ కింద ఉన్న ఫ్లాట్ అయితే తక్కువకు దొరికే అవకాశం ఉంది. కానీ అలాంటి ఫ్లాట్‌ను ఓనర్ అనుమతి లేకుండా సబ్‌లెట్ చేస్తే అసలు అద్దెదారుకే ఖాళీ చేయమని నోటీసు వస్తుంది, అతనితో పాటు మీ అమ్మాయి కూడా రోడ్డున పడాలి.

చవక అంటే ఇంకో ప్రమాదం కూడా ఉంది. క్వీన్స్ ప్రాంతంలో అనుమతుల్లేని బేస్‌మెంట్ గదులు తక్కువకు దొరుకుతాయి. 2021 సెప్టెంబరు 1 రాత్రి ఐడా తుపాను వానకు న్యూయార్క్ నగరంలో 13 మంది చనిపోతే, వాళ్లలో 11 మంది బేస్‌మెంట్ ఇళ్లలో ఉన్నవాళ్లే. కిటికీ లేని గది, బయటికి ఒక్కటే దారి ఉన్న గది ఎంత తక్కువకు వచ్చినా వద్దనండి. పొగ అలారం ఉందా, కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందా అని అడగడానికి మొహమాటపడొద్దని అమ్మాయికి చెప్పండి.

ఇక ఇతని ఫ్లాట్ నిజమా కాదా తేల్చుకోవాలంటే మీ అమ్మాయి ఏం చేయాలో చెబుతాను. ముందుగా ఇంటి నంబరుతో సహా పూర్తి చిరునామా అడగాలి. న్యూయార్క్ నగరం ఆస్తి రికార్డులన్నీ ‘ఏక్రిస్’ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. స్టాటెన్ ఐలాండ్ తప్ప మిగతా నగరమంతా అందులో ఉంటుంది. ఆ బిల్డింగ్ ఓనర్ ఎవరో అక్కడ తెలుస్తుంది. హెచ్‌పీడీ అనే హౌసింగ్ శాఖ సైట్‌లో అదే చిరునామా కొడితే ఆ బిల్డింగ్ మీద ఉన్న ఉల్లంఘనలు, మేనేజ్‌మెంట్ పేరు కనిపిస్తాయి. ఆ మేనేజ్‌మెంట్ ఆఫీసు నంబరు తనే వెతికి పట్టుకుని ఫోన్ చేయాలి. అతను ఇచ్చిన నంబరుకు చేస్తే అటువైపు అతని స్నేహితుడే ఎత్తొచ్చు.

తర్వాత వీడియో కాల్. రికార్డు చేసి పంపిన వీడియో పనికిరాదు, ఫొటోలు అసలే పనికిరావు. లైవ్‌లో మాట్లాడుతూ వీధిలోంచి మొదలుపెట్టమనాలి. బయట గోడ మీద బిల్డింగ్ నంబరు చూపించి, తాళంతో మెయిన్ డోర్ తీసి, మెట్లో లిఫ్టో ఎక్కి, ఫ్లాట్ తలుపు మీద నంబరు చూపించి, లోపలికి వచ్చి కిచెన్‌లో కుళాయి తిప్పమనాలి. కిటికీ తెరిచి వీధి చూపించమనాలి. పోస్టు పెట్టె మీద పేరు చూపించమనాలి. ఆ ఇంట్లో ఉంటున్న మనిషికి ఇదంతా పది నిమిషాల పని. ‘ఇప్పుడు ఊళ్లో లేను, అందుకే కొరియర్’ అన్నాడంటే, అక్కడున్న స్నేహితుడెవరైనా వచ్చి చూపిస్తారా అని అడగొచ్చు. అదీ కుదరదంటే ఆ మాటతో ఆ ఫ్లాట్ సంగతి వదిలేయండి.

మూడో పని కాగితాలు. అతని అసలు లీజు మొదటి పేజీ, అతని గుర్తింపు కార్డు, డబ్బు తీసుకునే ఖాతా, మూడింటిలోనూ ఒకే పేరు ఉండాలి. నాలుగు అంతకంటే ఎక్కువ ఇళ్లున్న బిల్డింగ్‌లో సబ్‌లెట్ అడిగే హక్కు అద్దెదారుకు చట్టమే ఇచ్చింది. మన రిజిస్టర్డ్ పోస్టు లాంటి సర్టిఫైడ్ మెయిల్‌లో ఓనర్‌కు రాయాలి. సరైన కారణం లేకుండా ఓనర్ కాదనకూడదు. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. నిజాయితీగా సబ్‌లెట్ ఇచ్చేవాడి దగ్గర ఓనర్ రాసిచ్చిన అనుమతో, ఆ ఉత్తరం పంపిన రసీదో ఉంటుంది. ‘ఓనర్‌కు తెలియక్కర్లేదు, ఎవరైనా అడిగితే కజిన్ అని చెప్పు’ అనే మాట వినబడితే ఇక మాట్లాడే పని లేదు.

నెల్లూరు అబ్బాయి కాబట్టి కాస్త నమ్మకం కుదిరిందని మీ ఉత్తరం చదివితే నాకు అనిపించింది. అది సహజం. దేశం కాని దేశంలో మన భాష వినిపిస్తే ప్రాణం లేచొస్తుంది. ఆ నమ్మకం మాట కలపడానికి చాలు, నాలుగు లక్షలు చేతిలో పెట్టడానికి చాలదు. మనవాడైతే మన అమ్మాయి టెన్షన్ అర్థం చేసుకుని, అడగకముందే కాగితాలు పంపాలి.

సబ్‌లెట్ కాకుండా, అద్దెదారు తను ఉంటూనే ఒక గది ఇస్తే దాన్ని రూమ్మేట్ పద్ధతి అంటారు. న్యూయార్క్‌లో లీజు మీద ఒక్కరి పేరే ఉంటే, వాళ్లు ఇంకొకరిని రూమ్మేట్‌గా పెట్టుకోవడానికి ఓనర్ అనుమతి అక్కర్లేదు. ఇద్దరు ముగ్గురు అమ్మాయిలున్న ఇంట్లో వేసవికి ఖాళీ అయ్యే గది దొరికితే మీ అమ్మాయికి నా ఓటు దానికే. క్వీన్స్‌లో ఆస్టోరియా, జాక్సన్ హైట్స్ వైపు చూడమనండి. నది దాటి న్యూజెర్సీ వైపు జెర్సీ సిటీలో జర్నల్ స్క్వేర్ దగ్గర తెలుగు కుటుంబాలు, విద్యార్థులు బాగానే ఉన్నారు. అక్కడి నుంచి పాత్ రైలు నేరుగా 33వ వీధికి వెళ్తుంది, అక్కడ దిగితే మిడ్‌టౌనే. న్యూజెర్సీలో డిపాజిట్ హద్దు ఒకటిన్నర నెల అద్దె అని గుర్తుంచుకోండి.

ఇంకా నిశ్చింతగా ఉండాలంటే యూనివర్సిటీ హాస్టళ్లు. వేసవి సెలవుల్లో న్యూయార్క్ యూనివర్సిటీ (ఎన్‌వైయూ) లాంటివి తమ గదులను బయటి కాలేజీల ఇంటర్న్‌లకు కూడా ఇస్తాయి. అద్దె కొంచెం ఎక్కువే అనిపించొచ్చు, గది పంచుకోవాల్సి రావొచ్చు. కానీ డబ్బు యూనివర్సిటీకి కడతారు, రసీదు వస్తుంది, గేటు దగ్గర సెక్యూరిటీ ఉంటుంది. మొదటిసారి ఆ ఊరు వెళ్తున్న అమ్మాయికి అది చాలా పెద్ద విషయం. సీట్లు త్వరగా అయిపోతాయి, ఈ వారమే దరఖాస్తు పెట్టించండి.

డబ్బు లెక్కకు వద్దాం. వారానికి 40 గంటల చొప్పున 12 వారాలకు 14,400 డాలర్లు. రెండు వారాలకోసారి జీతం పడితే, పన్ను పోను దాదాపు 2,000 డాలర్లు చేతికొస్తాయి అనుకోండి. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద వెళ్లి ఇంకా ఐదు క్యాలెండర్ సంవత్సరాలు దాటలేదు కాబట్టి సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ (అక్కడి పింఛను, వృద్ధుల వైద్యం కోసం జీతంలోంచి పట్టుకునేవి) కోతలు ఆమెకు ఉండకూడదు. పొరపాటున కోస్తే మొదటి పే స్లిప్ రోజే హెచ్‌ఆర్‌కు చెప్పాలి. పైగా భారత్, అమెరికా పన్ను ఒప్పందం వల్ల మన విద్యార్థులకు స్టాండర్డ్ డిడక్షన్ దొరుకుతుంది, వేరే దేశాల విద్యార్థుల్లో చాలామందికి అది లేదు. మరుసటి ఏడాది రిటర్ను వేస్తే కట్టిన ఫెడరల్ పన్నులో చాలావరకు వెనక్కి వస్తుంది.

అంటే 1,600 డాలర్ల గదిని కూడా తన జీతంతోనే ఆమె భరించగలదు. ఇబ్బందల్లా మొదటి జీతం వచ్చేదాకా రెండు మూడు వారాలు. డిపాజిట్ 1,600, మొదటి నెల 1,600, తిండికి, మెట్రోకు 500, మొత్తం 3,700 డాలర్లు. ముందుగా కంపెనీని రీలొకేషన్ డబ్బు ఏమైనా ఇస్తారా అని అడగమనండి. అడిగితేనే ఇచ్చే కంపెనీలు ఉన్నాయి. తర్వాత మీ విద్యా రుణంలో వాడని మొత్తం మిగిలి ఉంటే, జీవన ఖర్చుల కింద విడుదల చేయమని బ్యాంకును అడగండి. బ్యాంకు విద్యా రుణం నుంచి పంపే డబ్బు మీద టీసీఎస్ (విదేశాలకు పంపేటప్పుడు బ్యాంకు ముందే పట్టుకునే పన్ను) ఉండదు. సొంత డబ్బు పంపినా, ఆ ఆర్థిక సంవత్సరంలో మీరు విదేశాలకు పంపినదంతా కలిపి 10 లక్షలు దాటేదాకా టీసీఎస్ పడదు.

ఈ రెండూ కుదరకపోతే అప్పుడు ఎఫ్‌డీ. అదీ తీసేయకండి, దాని మీద లోన్ తీసుకోండి. చాలా బ్యాంకుల్లో ఎఫ్‌డీ వడ్డీకి ఒకటి రెండు శాతం ఎక్కువ పడుతుంది, అదే రోజు ఇస్తారు. అమ్మాయి జూలైలో కొంత, ఆగస్టులో కొంత పంపితే లోన్ తీరిపోతుంది, మీ ఎఫ్‌డీ అలాగే ఉంటుంది. డబ్బు మాత్రం మీ ఖాతా నుంచి మీ అమ్మాయి అమెరికా ఖాతాకే వెళ్లాలి. అద్దె ఆమె కట్టాలి, ఒప్పందం మీద పేరున్న మనిషికే కట్టాలి, తాళం చేతికొచ్చి తలుపు తెరుచుకున్నాకే కట్టాలి. జెల్ మన ఫోన్‌పే లాంటిదే, పంపాక వెనక్కి రాదు. తలుపు దగ్గర నిలబడి జెల్ చేయడంలో తప్పు లేదు, డాలస్‌లో కూర్చుని చేయడం తప్పు. అవసరమైతే నాలుగు రోజులు ముందే వెళ్లి, ఎడిసన్‌లోనో జెర్సీ సిటీలోనో తెలిసినవాళ్లింట్లో దిగి, రెండు మూడు ఇళ్లు స్వయంగా చూసుకోమనండి. చేరిన రోజే గదంతా వీడియో తీసి పెట్టుకోవాలి, డిపాజిట్ వెనక్కి అడిగేటప్పుడు అదే సాక్ష్యం. ఇల్లు మారిన 10 రోజుల్లో కొత్త చిరునామా కాలేజీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారికి (డీఎస్‌ఓ) తెలియజేయాలి, వీసా నిబంధన అది.

ఇప్పటికే ఇలా డబ్బు కట్టేసినవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ఇక్కడి ఖాతా నుంచి పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. అమెరికా ఖాతా నుంచి పోతే ముందు బ్యాంకుకు, ఆ వెంటనే ఇంటర్నెట్ మోసాల కోసం ఎఫ్‌బీఐ నడిపే ఐసీ3 సైట్‌లో ఫిర్యాదు.

ఆ నెల్లూరు అబ్బాయికి మీరు కాదు, మీ అమ్మాయే ఈరోజు ఇలా మెసేజ్ పెట్టాలి: ‘అన్నా, ఫ్లాట్ నచ్చింది. అసలు లీజు మొదటి పేజీ, ఓనర్ అనుమతి పంపండి. ఈ శని, ఆదివారాల్లో మీకు వీలైన టైములో బిల్డింగ్ బయట నుంచి లైవ్ వీడియో కాల్ చేద్దాం. ఒప్పందం ముందే సంతకం చేస్తాను. మొదటి నెల అద్దె, ఒక నెల డిపాజిట్ తాళాలు తీసుకునేటప్పుడు నా ఖాతా నుంచి మీ ఖాతాకు పంపుతాను.’ అతను సరేనంటే ముందుకు వెళ్లండి. జవాబు ఇంకెలా వచ్చినా హాస్టల్ దరఖాస్తు నింపించండి.