ఆసుపత్రిలో చేరాక నాన్న మనుషుల్ని గుర్తుపట్టడం లేదు

ప్రశ్న: మాది పొదిలి. నాన్నకు 72 ఏళ్లు. న్యుమోనియా అంటే ఒంగోలులో ఒక ఆసుపత్రిలో చేర్చాం. జ్వరం తగ్గింది గానీ మూడు రాత్రులుగా నిద్ర లేదు. సెలైన్ పీకేస్తున్నారు, పొలం వెళ్లాలంటున్నారు, నన్ను గుర్తుపట్టడం లేదు. పగలంతా మగత. గాలి సోకిందని చుట్టాలు అంటున్నారు. మతి పోయినట్టేనా? నిద్రమాత్ర అడగమంటారా?
- ఒక పాఠకురాలు

జవాబు: ధైర్యంగా ఉండండమ్మా. మీరు చెప్పిన లక్షణాలు చూస్తే ఇది డెలీరియంలా ఉంది. పెద్ద వయసులో ఇన్ఫెక్షన్ వస్తే మెదడు ఇలా తికమకపడుతుంది. గాలికీ దీనికీ సంబంధం లేదు. చాలామందిలో కొన్ని రోజుల్లో, కొందరిలో వారాల్లో తగ్గుతుంది.

అయితే డ్యూటీ డాక్టర్‌కు ఇవాళే చెప్పండి. ఆక్సిజన్, సోడియం, షుగర్ చూస్తారు. మూత్రం ఆగినా, విరేచనం కాకపోయినా, కొన్ని మందుల వల్లా ఇలా జరుగుతుంది. నిద్రమాత్ర మీరుగా అడగొద్దు, తికమక ఇంకా పెరగొచ్చు. నాన్నకు రోజూ మద్యం తాగే అలవాటు ఉంటే దాచకుండా చెప్పండి. ఒక్కసారిగా మానడం వల్ల కూడా ఇలా అవుతుంది, దానికి చికిత్స వేరు. పరువు కోసం ఈ మాట దాచే కుటుంబాలు చాలా ఉన్నాయి. ప్రాణం మీదికి వచ్చే విషయమిది. చుట్ట అలవాటున్నా చెప్పండి. మానడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు, మందులతో సాయం చేస్తారు.

ఇక మీ చేతిలో ఉన్నవి. కళ్లజోడు, చెవి మిషన్ ఇంట్లో వదిలేసి ఉంటే తెప్పించండి. పగలు కర్టెన్ తీసి వెలుతురు రానివ్వండి, రాత్రి లైట్లు, ఫోన్ల మోత తగ్గించండి. "నాన్నా, ఇది ఒంగోలు ఆసుపత్రి, నేను మీ అమ్మాయిని" అని నెమ్మదిగా చెబుతుండండి. వాదించొద్దు. చేతులు కట్టేయమని అడగొద్దు. పది మంది వచ్చి పలకరించే బదులు, బాగా తెలిసిన ఒక్కరు పక్కన ఉంటే చాలు. ఎవరొచ్చినా చేతులు కడుక్కునే ముట్టుకోవాలి.

"జబ్బు మనిషి, పడుకోనివ్వండి" అని మంచం దిగనివ్వకపోవడం మన దగ్గర మామూలు. పడుకునే ఉంటే కాళ్లలో కండ కరుగుతుంది, కఫం కదలదు, వీపున పుండ్లు పడతాయి. డాక్టర్ సరేనంటే పూటపూటకూ కుర్చీలో కూర్చోబెట్టండి, నర్సు సాయంతో నాలుగడుగులు వేయించండి. అన్నం, నీళ్లు నిటారుగా కూర్చోబెట్టే ఇవ్వాలి, లేకపోతే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మూత్రం పైపు ఉంటే "ఇంకా అవసరమా సార్?" అని రౌండ్స్‌లో రోజూ అడగండి. అడగడం మీ హక్కు.

పిలిచినా లేవకపోతే, ఆయాసం పెరిగితే, పెదాలు నీలంగా మారితే వెంటనే నర్సును పిలవండి. డిశ్చార్జ్ రోజున ఫ్లూ, న్యుమోనియా టీకాలు ఎప్పుడు వేయించాలో అడిగి రాయించుకోండి.