నిద్రమాత్ర ‘వ్యసనకారి’ అవుతుందా, ‘మరిగే మందు’ అవుతుందా?

సందేహం: శ్రీకాకుళం జిల్లాలో ఒక మందుల దుకాణంలో పనిచేస్తున్నాను. నిద్రమాత్రల గురించి తెలుగులో అచ్చయిన ఒక కరపత్రంలో ‘ఇవి వ్యసనకారి మందులు’ అని ఉంది. దాన్ని నాచేత చదివించుకున్న ఒక పెద్దావిడ ‘నానేటి యెసనపరురాల్నా? డాక్టరు రాసిందే గదా ఏసుకుంటన్నాను’ అని నొచ్చుకున్నారు. మా వైపు ఇలాంటివాటికి ‘మరగడం’ అంటాం. ‘మరిగే మందులు’ అని రాయవచ్చా? ‘వ్యసనకారి’ తప్పు మాటా?

సమాధానం: ‘వ్యసనకారి’ వ్యాకరణరీత్యా తప్పు కాదు. హానికారి, ఉపకారి వంటి మాటల పక్కన అదీ నిలబడుతుంది. అయితే వైద్యుడు రాసిచ్చిన మాత్రను చెప్పిన మోతాదులో వేసుకునే మనిషి ముందు ఆ మాట పెట్టడం మాత్రం తగదు. ఆ పెద్దావిడ నొచ్చుకోవడంలో భాషాజ్ఞానమే ఉంది.

సంస్కృతంలో ‘వ్యసనం’ అనే మాటకు మూలార్థం ఆపద, పతనం. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ఎనిమిదో అధికరణం మొత్తం వ్యసనాల గురించే నడుస్తుంది. రాజు మొదలుకొని మిత్రుడి దాకా రాజ్యానికి అంగాలైన ఏడింటికీ వచ్చే కీడులను అక్కడ వ్యసనాలనే అన్నాడు, మనిషిని శ్రేయస్సు నుంచి దూరంగా విసిరేసేది కాబట్టి అది వ్యసనమని వ్యుత్పత్తి కూడా చెప్పాడు. మనుస్మృతి కామం వల్ల పుట్టేవి పది, క్రోధం వల్ల పుట్టేవి ఎనిమిది అని లెక్కపెట్టి, ఆ పదింటిలో వేట, జూదాలతోపాటు పగటినిద్రను కూడా చేర్చింది. మన పాత తెలుగులో ‘వ్యసనపడు’ అంటే దుఃఖించు అనే అర్థం. సప్తవ్యసనాల ప్రచారం వల్ల కాబోలు, నేటి వాడుకలో దుఃఖమనే అర్థం దాదాపు జారిపోయి, తెలిసి తెలిసి చేసే చెడు, దాని వెంట వచ్చే నింద మాత్రమే మిగిలాయి. జూదానికి, సారాకు, గంజాయికి ఆ మాట అతుకుతుంది. నిద్రమాత్రకు అతకదు.

ఇక మీరు చెప్పిన ‘మరగు’ చాలా మంచి క్రియ. ఇది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకే పరిమితం కాకపోయినా, అక్కడి ఇళ్లలో నేటికీ నోటినిండా పలుకుతున్నదే. దీనికి రెండు లక్షణాలు ఉన్నాయి. ఒకటి, మరిగేది ఎప్పుడూ రుచి తెలిసిన ప్రాణి. రుచి మరిగిన పిల్లి, నెత్తురు మరిగిన పులి, సారా మరిగిన మనిషి అంటాం. చలికి అలవాటుపడ్డాం అంటామే తప్ప చలి మరిగాం అనం, ఎందుకంటే చలిలో మళ్లీ మళ్లీ కోరుకునే రుచి లేదు. రెండోది, ఇందులో నింద తప్పనిసరి కాదు. కింద దించితే ఏడ్చే పసిదాన్ని ‘చంక మరిగింది’ అంటున్నప్పుడు ఆ మాటలో ముద్దే తప్ప దూషణ లేదు. ప్రత్యయం విషయంలోనూ తేడా గమనించండి: ‘అలవాటుపడు’ అనే క్రియకు ‘కు’ కావాలి, ‘మరగు’కు అక్కర్లేదు. ‘చుట్టకు అలవాటుపడింది’ అనాలి గాని, ‘చుట్ట మరిగింది’ అంటే చాలు.

ఈ చుట్ట మాట ఊరికే తేలేదు. ఉత్తరాంధ్ర తీరగ్రామాల్లో ఆడవాళ్లు నిప్పు ఉన్న కొసను నోటి లోపల పెట్టుకుని కాల్చే పద్ధతిని ‘అడ్డపొగ’ అంటారు. పెదవులు మూసి ఉంటాయి, నిప్పు వేడి నేరుగా అంగిలికి తగులుతుంది, ఏళ్లు గడిచేకొద్దీ అక్కడి చర్మం తెల్లబారి మందమవుతుంది, కొందరిలో అది క్యాన్సర్‌కు దారితీస్తుంది. ఈ పద్ధతి మీద జరిగిన ఒక అంతర్జాతీయ పరిశోధన 1971లో వెలువడింది. అందులో పరీక్షించిన గ్రామస్థులు 10,169 మంది. అడ్డపొగ గురించి కరపత్రం రాసేవారు ‘ధూమపాన వ్యసనపరులు’ అని మొదలుపెట్టడం కన్నా ‘అడ్డపొగ మరిగినవాళ్లు’ అని మొదలుపెడితే, ఆ మాట ఎవరి కోసమో వారికి చేరుతుంది.

ఒకరు మరొకరికి అలవాటు చేయడాన్ని చెప్పడానికి ‘మప్పు’ ఉండనే ఉంది. ‘పిల్లకు ఇప్పటినుంచే టీ మప్పకు’ అంటారు. విజయనగరం నేపథ్యంలో మొదలయ్యే కన్యాశుల్కంలో వెంకటేశానికి గిరీశం చేసిన ఉపకారం చుట్ట మప్పడమే.

ఇంత మెచ్చుకుని కూడా ‘మరిగే మందు’ అని రాయవద్దనే చెబుతాను. నీళ్లు మరగడం, పాలు మరిగించడం అన్న క్రియ ఇదే రూపంలో ఉంది కాబట్టి, ‘మరిగే మందు’ అనగానే పొయ్యి మీది కషాయం గుర్తుకొస్తుంది. మనిషి గురించి అన్నప్పుడు తేటగా ఉన్న మాట, వస్తువుకు విశేషణం కాగానే కలకబారింది. పైగా నిద్రమాత్రలో మరిగేటంత రుచి ఏముంది?

ఈ చిక్కు తెలుగువారిది మాత్రమే కాదు. 1957లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల సంఘం వ్యసనాన్నీ అలవాటునూ వేరుచేసి నిర్వచించింది. ఆపుకోలేని కోరిక, మోతాదు పెంచుకుంటూ పోవడం, శరీరం కూడా లొంగిపోవడం వ్యసనానికి గుర్తులనీ, కోరిక ఉన్నా అంతటి బలవంతం లేనిది అలవాటనీ ఆ విభజన. ఆచరణలో గీత నిలవక, 1964లో రెంటినీ పక్కనపెట్టి ‘ఆధారపడటం’ అనే అర్థమిచ్చే ఒకే పదాన్ని సిఫారసు చేశారు. ఆందోళనకు, నిద్రకు రాసే ఆల్ప్రజోలం వంటి మాత్రల విషయంలో ఈ మార్పు ఎంత అవసరమో తెలుస్తుంది: వైద్యుడు చెప్పిన మోతాదులోనే కొన్ని వారాలు వాడినా శరీరం వాటిమీద ఆధారపడవచ్చు, ఒక్కసారిగా మానేస్తే నిద్ర పట్టకపోవడం, ఆందోళన, ఒక్కొక్కప్పుడు మూర్ఛ కూడా రావచ్చు. ఇందులో రోగి తప్పేమీ లేదు.

‘మాదకద్రవ్యం’ అనే మాటను కూడా ఇక్కడికి లాగకండి. మాదకం అంటే మత్తు కలిగించేది. అలవాటయ్యేదంతా మత్తెక్కించదు; కాఫీ మానిన రోజు తల నొప్పెడుతుంది గాని, కాఫీ తాగి ఎవరూ తూలరు.

కాబట్టి వస్తువుకు విశేషణం కావలసినచోట ‘అలవాటుపడే మందు’ అనండి. పడేది మనిషి కదా, మందు ఎలా పడుతుందని కొందరు ఆక్షేపిస్తారు. తాగే నీళ్లు, పడుకునే మంచం అన్నప్పుడు రాని ఆక్షేపణ ఇక్కడ మాత్రం ఎందుకు? అయితే కరపత్రంలో ఒక్క సమాసంతో సరిపెట్టకుండా, శరీరాన్ని కర్తగా పెట్టి పూర్తి వాక్యమే రాయించమని నా సలహా: ‘ఈ మాత్రలు ఎక్కువ రోజులు వాడితే శరీరం వీటికి అలవాటుపడుతుంది. డాక్టరుగారిని అడగకుండా మోతాదు పెంచవద్దు, ఒక్కసారిగా మానవద్దు.’ మీ దుకాణానికి వచ్చే ఆ పెద్దావిడకు కూడా ఇదే చదివి వినిపించండి.